పాఠం 9: బోయి భీమన్న – జీవితం, నాటకాలు

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
– బోయి భీమన్న జీవితంలోని ముఖ్య ఘట్టాలను, వాటికి ఆయన నాటకరచనతో ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
– 'పాలేరు' నాటక ఇతివృత్తాన్ని, దాని సామాజిక ప్రయోజనాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.
– 'రాగవాశిష్ఠం'లో పురాణకథను ఆయన ఎందుకు ఎన్నుకున్నాడో చెప్పగలుగుతారు.
– భీమన్న దృక్పథం మీద తరవాతి తరం లేవనెత్తిన ప్రశ్నలను అర్థం చేసుకుని, మీ సొంత అభిప్రాయాన్ని ఏర్పరచుకోగలుగుతారు.

9.1 పరిచయం

వృద్ధగౌతమి ఒడ్డున ఉన్న మురమళ్ళ నుంచి 216వ జాతీయ రహదారి మీద పడమరగా బయలుదేరితే ముమ్మిడివరం, అమలాపురం దాటి, బోడసకుర్రు దగ్గర వైనతేయ నదిని దాటి, మామిడికుదురు చేరతాం. దారి పొడవునా కొబ్బరితోటలు, వరిచేలు, పంటకాలువలు. కోనసీమ అందం గురించి మనం చాలా చదువుకున్నాం. ఆ చేలలో వంగి నాట్లు వేసినవారి గురించి, ఆ తోటల్లో దింపు తీసినవారి గురించి, ఆ దొడ్లలో పశువుల్ని కాసిన పిల్లల గురించి మన సాహిత్యంలో చదువుకున్నది తక్కువ. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న ఆ పిల్లల్లో ఒకణ్ణి నాటకానికి నాయకుణ్ణి చేశాడు. ఆ నాటకం పేరు 'పాలేరు'.

భీమన్నను ఎక్కువమంది కవిగా ఎరుగుదురు. ఈ పాఠంలో ఆయనను ముఖ్యంగా నాటకకర్తగా పరిశీలిద్దాం. కవిత్వం చదువు వచ్చినవాళ్ళకే అందుతుంది. చదువురాని తల్లిదండ్రులకు మాట చేరవేయాలంటే 20వ శతాబ్ది తొలి సగంలో గ్రామంలో ఉన్న బలమైన సాధనం నాటకమే. భీమన్న నాటకాన్ని చేపట్టడంలోని అవసరాన్ని ఈ కోణం నుంచి అర్థం చేసుకోవాలి.

9.2 జీవిత రేఖలు

భీమన్న 1911 సెప్టెంబరు 19న మామిడికుదురులో ఒక దళిత కుటుంబంలో జన్మించాడు. తల్లి నాగమ్మ, తండ్రి పుల్లయ్య. కాకినాడ పి.ఆర్. కళాశాలలో బి.ఏ., రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేశాడు. ఆ కాలంలో కోనసీమ పేటల నుంచి కళాశాల మెట్లెక్కినవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. తరవాత ఉపాధ్యాయుడిగా, పాత్రికేయుడిగా పనిచేశాడు. ప్రభుత్వ అనువాద శాఖలో బాధ్యతలు నిర్వహించాడు. శాసనమండలి సభ్యుడిగా కూడా ఉన్నాడు.

యౌవనంలో ఆయన మీద గాంధీజీ హరిజనోద్యమ ప్రభావం ఉంది. క్రమంగా ఆయన అంబేద్కర్ ఆలోచనల వైపు వచ్చాడు. అంబేద్కర్ రాసిన 'కుల నిర్మూలన'ను తెలుగులోకి తెచ్చినవాడు భీమన్నే. ఈ విషయాన్ని గుర్తుపెట్టుకోండి, 9.5లో దీని అవసరం మళ్ళీ వస్తుంది.

ఆయన రచనలు డెబ్బైకి పైగా ఉన్నాయి. 'పాలేరు', 'కూలిరాజు', 'రాగవాశిష్ఠం' నాటకాలు. 'జానపదుని జాబులు' లేఖల రూపంలో సాగిన రచన. 'గుడిసెలు కాలిపోతున్నై' కవితా సంపుటికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. భారత ప్రభుత్వం 1973లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ ఇచ్చింది. 2005 డిసెంబరు 16న ఆయన మరణించాడు.

ఆయన ఆత్మకథ పేరు 'పాలేరు నుంచి పద్మశ్రీ వరకు'. ఈ పేరును రెండు విధాలుగా చదవవచ్చు. 'పాలేరు' నాటకం రాసిన నాటి నుంచి పద్మశ్రీ అందుకున్న నాటి వరకు అన్నది ఒక అర్థం. పాలేర్ల బతుకు బతికిన సమాజం నుంచి ఒక మనిషి నడిచి వచ్చిన దూరం అన్నది రెండో అర్థం. రచయిత జీవితాన్నీ రచననూ విడదీయడం భీమన్న విషయంలో ఎంత కష్టమో ఈ ఒక్క పేరు చెబుతుంది.

9.3 'పాలేరు' – ఇతివృత్తం, నేపథ్యం

9.3.1 పాలేరు అంటే ఎవరు?

నేటి విద్యార్థుల్లో చాలామందికి ఈ మాట వ్యవహారంలో తెలియకపోవచ్చు. ఒక రైతు ఇంట్లో ఏడాది లెక్కన జీతానికి కుదిరిన వ్యవసాయ సేవకుడే పాలేరు. జీతం చాలావరకు గింజల రూపంలో ఉండేది. ముందుగా కొంత అప్పు ఇచ్చి, ఆ అప్పు తీరేదాకా పనిలో ఉంచుకోవడం సాధారణం. అప్పు తీరకపోతే మరో ఏడాది. తండ్రి పెద్ద పాలేరు అయితే కొడుకు పశువుల్ని తోలుకెళ్ళే చిన్న పాలేరు. పిల్లవాడికి పూట తిండి దొరుకుతుంది, ఇంటికి నాలుగు గింజలు వస్తాయి. అందువల్ల ఆ పిల్లవాణ్ణి బడికి పంపడం అంటే కుటుంబానికి ఒక కూడు తగ్గడమే.

ఈ సంగతి అర్థమైతే నాటకం ఎవరితో మాట్లాడుతున్నదో అర్థమవుతుంది.

9.3.2 ఇతివృత్తం

కథ సంగ్రహంగా ఇది: ఆసామి ఇంట పాలేరుగా ఉన్న కుర్రవాడు చదువుకునే అవకాశం పొంది, కష్టపడి పైకి వచ్చి, పెద్ద అధికారి అవుతాడు. తన్ను చూసిన కళ్ళే తన్ను వేరుగా చూడవలసిన పరిస్థితి వస్తుంది. ఇంతే కథ. ఈ కథాసూత్రం ఇప్పుడు మనకు కొత్తగా అనిపించకపోవచ్చు. సినిమాల్లో ఎన్నోసార్లు చూశాం. 1940ల నాటి తెలుగు రంగస్థలం మీద ఇది ఎంత కొత్తదో గ్రహించాలంటే అంతకు ముందున్న రచనల్లో సేవకుడి స్థానం చూడాలి.

'కన్యాశుల్కం'లో అసిరిగాడు ఉన్నాడు. అతని మాటలు మనకు నవ్వు తెప్పిస్తాయి. అయితే కథ అతనిది కాదు. అగ్రహారంలో జరిగే కథకు అతను పక్కనుండే సాక్షి. 1922లో వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' నవలలో సంగదాసు ఉన్నాడు. అతను ఉదాత్తుడు, పాఠకుడి మనసులో నిలిచిపోతాడు. కానీ అతను చౌదరయ్య చేతిలో చనిపోతాడు. అతని మరణం ఇతరులలో మార్పు తేవడానికి కారణమవుతుంది. భీమన్న నాటకంలో పాలేరు చనిపోడు. బతుకుతాడు, చదువుతాడు, తిరిగి కనిపిస్తాడు. మరొకరి హృదయపరివర్తన కోసం అతను బలికావలసిన అవసరం లేదు. ఈ తేడాను చిన్నదిగా చూడకూడదు. కరుణకు పాత్రుడైన మనిషి ఇక్కడ కథకు కర్త అయ్యాడు. నాటకం పేరే అతని పేరు.

9.3.3 ప్రయోజనం

'పాలేరు' చూసిన తల్లిదండ్రులు తమ పిల్లల్ని పాలేరుతనం మాన్పించి బడికి పంపారని, అలా చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడినవారు ఎందరో ఉన్నారని సాహిత్యచరిత్రలో చెప్పుకుంటారు. ఒక నాటకం చూసి మనిషి కంటతడి పెట్టడం సాధారణం. నాటకం చూసి మర్నాడు పొద్దున్న కొడుకును ఆసామి దొడ్డికి పంపకపోవడం అసాధారణం.

ఇక్కడ ఒక విషయాన్ని జాగ్రత్తగా గమనించండి. మారవలసింది ఆసామి అని నాటకం అనుకుని ఉంటే, ఆసామి మనసు కరిగే సన్నివేశాలే దానికి ప్రాణం అయ్యేవి. ఈ నాటకం నిజంగా ఒప్పించవలసినది పందిరి చివర నేలమీద కూర్చున్న తల్లిని, తండ్రిని. వాళ్ళకు చదువు గొప్పదని చెబితే చాలదు. గింజలు పోతాయన్న భయానికి జవాబు చెప్పాలి. ఇవాళ పోయే గింజలకు బదులు రేపు ఏం వస్తుందో కళ్ళకు కట్టాలి. నాయకుడు చివరికి అధికారి అయి కనిపించడం ఆ జవాబు.

9.4 'పాలేరు' మీద రెండు ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ: ముగింపు నమ్మశక్యంగా లేదు. పేటలో పుట్టిన కుర్రవాడు ఆ రోజుల్లో పెద్ద అధికారి కావడం ఎక్కడో ఒకచోట తప్ప జరగని పని కదా అని అడగవచ్చు. వాస్తవికతను మాత్రమే కొలబద్దగా తీసుకుంటే ఈ ఆక్షేపణ సమంజసమే. కానీ పైన చెప్పుకున్నట్లు ఈ ముగింపు పని వేరు. అది జరిగినదాన్ని చూపడం లేదు. జరగడానికి వీలున్నదాన్ని చూపుతోంది. పైగా కాలం ఆ ముగింపును కొంత నిజం చేసింది. మురమళ్ళ దగ్గరే ఉన్న ఎదుర్లంకలో 1951లో ఒక దళిత కుటుంబంలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి న్యాయశాస్త్రం చదివి, 1998లో లోక్‌సభ స్పీకరు అయ్యాడు. ఆ పదవి చేపట్టిన తొలి దళితుడు ఆయనే. ఎదుర్లంక నుంచి యానాం వెళ్ళే వారధికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. 1940లలో ఎవరైనా ఈ కథను నాటకంగా రాసి ఉంటే, అతిశయోక్తి అని విమర్శకులు తోసిపుచ్చేవారు.

రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది: ఒక్కడు అధికారి అయితే పాలేరు వ్యవస్థ పోతుందా? అతను ఖాళీచేసిన పశువులపాకలోకి మరో పిల్లవాడు వస్తాడు కదా? ఈ ప్రశ్నకు బలం తెలియాలంటే 'మా భూమి'తో పోల్చి చూడాలి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన ఆ నాటకాన్ని ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. అందులో మార్పు తెచ్చేది ఒక వ్యక్తి చదువు కాదు. కూడగట్టుకున్న రైతుకూలీల పోరాటం. భూమి ఎవరిది అన్నది అక్కడి ప్రశ్న. 'పాలేరు'లో భూమి ఎవరి చేతుల్లో ఉన్నదో వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది. పాలేరు మాత్రం దాన్ని వదిలి బయటపడతాడు.

ఈ లోటును కాదనలేం. అయితే దీనికి మరో పార్శ్వం ఉంది. కూలి పెరిగినా, కౌలు తగ్గినా పేట పేటగానే ఉండిపోవచ్చు. కూలివాడుగా గెలిచిన మనిషి అంటరానివాడుగా ఓడిపోవచ్చు. భీమన్నకు కనిపించిన బాధ కేవలం గింజలది కాదు, గౌరవానిది. చదువు అనేది ఆసామి తిరిగి లాక్కోలేని ఆస్తి. భూమి లేనివాడికి ముందుగా అందగల ఆస్తి కూడా అదే. కాబట్టి 'మా భూమి' అడిగిన ప్రశ్నను 'పాలేరు' అడగలేదు అనడం ఎంత నిజమో, 'పాలేరు' అడిగిన ప్రశ్నను 'మా భూమి' అడగలేదు అనడమూ అంతే నిజం. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడే ఆ దశాబ్దపు తెలుగు నాటకం మనకు పూర్తిగా అర్థమవుతుంది.

ఈ పాఠం చదువుతున్న మీలో చాలామంది పగలు ఏదో ఒక పని చేసుకుంటూ రాత్రి పుస్తకం పట్టినవారే. మీ కుటుంబంలో డిగ్రీకి వచ్చిన మొదటి మనిషి మీరే కావచ్చు. అందువల్ల ఈ రెండో ఆక్షేపణ మీకు పరీక్షలో వచ్చే ప్రశ్న మాత్రమే కాదు. నేను చదువుకుని బయటపడితే నా వెనక ఉన్నవారి సంగతి ఏమిటి? ఈ ప్రశ్నకు 'పాలేరు' పూర్తి సమాధానం ఇవ్వదు. నాయకుడు తిరిగి కనిపించడంతో ఆగుతుంది. తిరిగి వచ్చి ఏం చేయాలన్నది ప్రేక్షకుడి వంతు.

9.5 'రాగవాశిష్ఠం' – పురాణం మీద హక్కు

'పాలేరు' చేలో నడిచిన నాటకమైతే 'రాగవాశిష్ఠం' పురాణంలో నడిచిన నాటకం. వశిష్ఠుడు, అరుంధతుల ప్రేమకథను భీమన్న వర్ణభేదాన్ని దాటిన ప్రేమగా తీర్చిదిద్దాడు.

మురమళ్ళ వీరేశ్వరస్వామి ఆలయంలో స్వామికి నిత్యకల్యాణం జరుగుతుందని మీకు తెలుసు. పెళ్ళి కావలసినవారు, పెళ్ళయినవారు దూరప్రాంతాల నుంచి అక్కడికి వస్తారు. మన పెళ్ళిళ్ళలో కొత్త దంపతులకు అరుంధతీ నక్షత్రాన్ని చూపించడం ఆచారం. ఆ నక్షత్రాన్ని చూపించే పురోహితుడు గాని, చూసే దంపతులు గాని అరుంధతి పుట్టుక గురించి ఆలోచించరు. వశిష్ఠుణ్ణి చేరిన అక్షమాల తక్కువ పుట్టుక పుట్టినా పూజ్యురాలైందని సాక్షాత్తు మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలోనే ఉంది. ఆ అక్షమాలే అరుంధతి అని సంప్రదాయం. మాదిగలు తమను అరుంధతీయులుగా చెప్పుకుంటారు. వశిష్ఠుడేమో అప్సరస ఊర్వశి కారణంగా పుట్టినవాడు. అంటే పాతివ్రత్యానికీ దాంపత్యానికీ ఆదర్శంగా నిలిపిన జంటే వర్ణధర్మపు కొలతలకు లొంగని జంట.

భీమన్న నాటకానికి బీజం ఇదే. వేదాన్నీ పురాణాన్నీ చూపి నన్ను దూరంగా నిలబెట్టారు. ఆ వేదపురాణాలలోని మహనీయుల్లో మావారు ఉన్నారు కదా అన్నది ఆయన వాదం. వ్యాసుడు, వాల్మీకి కూడా ఆయనకు ఈ వరసలోనే కనిపించారు.

దీన్ని త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో రాసిన 'శంబూకవధ'తో పోల్చండి. ఇద్దరూ పురాణాన్నే ఆయుధంగా తీసుకున్నారు. త్రిపురనేని పురాణంలోని అన్యాయాన్ని బయటపెట్టి, ఆ అధికారాన్ని ప్రశ్నించాడు. భీమన్న పురాణంలో తన వాటా ఎక్కడుందో చూపి, దాన్ని అడిగాడు. ఒకరిది తిరస్కారం, మరొకరిది వారసత్వపు దావా.

ఏది బలమైన మార్గం? ఇక్కడే భీమన్న ఆలోచనలోని చిక్కు బయటపడుతుంది. ఆయన తెలుగు చేసిన 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ చెప్పినదేమిటి? 1936లో లాహోరు సభకోసం సిద్ధంచేసి, చదవకుండానే మిగిలిపోయిన ఆ ప్రసంగంలో, కులానికి ఆధారమైన శాస్త్రాల ప్రామాణ్యాన్నే కూల్చాలని ఆయన వాదించాడు. సహపంక్తి భోజనాలు, వర్ణాంతర వివాహాలు అవసరమే. కానీ శాస్త్రాల పవిత్రత మీద నమ్మకం పోనంతవరకు కులం పోదన్నాడు. అరుంధతీ వశిష్ఠుల వివాహాన్ని ఉదాహరణగా చూపడం అంటే, వర్ణాంతర వివాహానికి కూడా ఆ పాత గ్రంథాల నుంచే అనుమతి తెచ్చుకోవడం అవుతుంది. అనువాదకుడు భీమన్న, నాటకకర్త భీమన్న ఇక్కడ ఎదురెదురుగా నిలబడతారు.

ఈ వైరుధ్యాన్ని దాచనవసరం లేదు. దానివల్ల నాటకం విలువ తగ్గదు కూడా. నాటకం తన కాలపు ప్రేక్షకుడికి తెలిసిన భాషలో మాట్లాడాలి. పౌరాణిక నాటకాలకు అలవాటుపడిన ప్రేక్షకుడు శాస్త్రాలు వద్దంటే లేచిపోవచ్చు. అరుంధతి మా ఆడపడుచు అంటే ఆగి వింటాడు. అయితే ఆగి విన్నవాడు ఇంటికి వెళ్ళి కులం మానుకున్నాడా అన్నది వేరే ప్రశ్న. 'పాలేరు' తన ప్రేక్షకుడి నుంచి ఒక నిర్దిష్టమైన పని కోరింది: పిల్లవాణ్ణి బడికి పంపు. 'రాగవాశిష్ఠం' కోరినది గౌరవం. గౌరవాన్ని కొలిచే సాధనం లేదు. ఈ కారణంగానే, ఆలోచనలో 'రాగవాశిష్ఠం' మరింత లోతైనదే అయినా, ప్రభావంలో 'పాలేరు' ముందుంటుంది.

9.6 తరవాతి తరం చూపు

1985లో కారంచేడు, 1991లో చుండూరు మారణకాండల తరవాత తెలుగు దళిత సాహిత్యం స్వరం మారింది. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' సంకలనం ఆ మార్పుకు గుర్తు. ఈ తరానికి పురాణంలో వాటా అక్కరలేదు. మనల్ని గడప ఎక్కనివ్వని ఇంట్లో వాటా ఎందుకు అన్నది వాళ్ళ ప్రశ్న. ఆ దృష్టితో చూసినప్పుడు భీమన్న మెత్తనివాడుగా, హిందూ చట్రం దాటనివాడుగా కనిపించాడు. నాటకంలో కూడా చూపు మారింది. ఎం.ఎం. వినోదిని 'దాహం' నాటకం ఋషుల దగ్గరికి పోదు. తాగే నీళ్ళ దగ్గర నిలబడుతుంది.

ఈ విమర్శలో నిజం ఉంది. కానీ ఒక మాట కలపాలి. కారంచేడుకు పదేళ్ళ ముందే అకాడమీ పురస్కారం పొందిన సంపుటికి భీమన్న పెట్టిన పేరు 'గుడిసెలు కాలిపోతున్నై'. పేటలకు నిప్పు పెట్టేవారున్నారని ఎరగని అమాయకుడు కాదు ఆయన. చదువుకున్న పాలేరు తిరిగివచ్చేసరికి అతని పేట ఉంటుందా అన్న సందేహం ఆయనకే కలిగింది. నాటకంలోని ఆశనూ, కవిత్వంలోని మంటనూ కలిపి చదివితేనే భీమన్న పూర్తిగా కనిపిస్తాడు.

2022లో కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడి, డా. బి.ఆర్. అంబేద్కర్ పేరు పొందింది. ఆ పేరు మీద తలెత్తిన వివాదంలో అదే ఏడాది మే నెలలో అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డాయి. భీమన్న పుట్టిన సీమకు ఆయన ఆరాధించిన నాయకుడి పేరు రావడం, ఆ పేరు రావడానికి అంత ఘర్షణ జరగడం – రెండూ నిజమే. ఆయన నాటకాలు పాతబడ్డాయో లేదో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని మీరే నిర్ణయించాలి.

పాలేరు అన్న మాట వ్యవహారంలో తగ్గింది. ట్రాక్టరు వచ్చింది, ఏడాది జీతాలు పోయి రోజు కూలి వచ్చింది. ముందు అప్పు, దానికి కట్టుబడిన గడువు, ఇంటికి దూరంగా మరొకరి ఇంట్లో చాకిరీ అన్న పద్ధతి మాత్రం పూర్తిగా పోలేదు. కోనసీమ నుంచి గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళ కథలు మీరు వినే ఉంటారు. వాళ్ళలో చాలామంది వెళ్ళింది తమ పిల్లల చదువుకోసమే. భీమన్న నాటకంలోని తల్లి ప్రశ్న వాళ్ళ నోట ఇంకా ఉంది. ఆ కథను నాటకంగా రాసేవారు మీలోనే ఉండవచ్చు.

9.7 సారాంశం

బోయి భీమన్న తెలుగు రంగస్థలం మీద పాలేరును కథానాయకుణ్ణి చేశాడు. 'పాలేరు' నాటకం పేద తల్లిదండ్రులను ఉద్దేశించి, చదువును ఒక సాధ్యమైన దారిగా చూపింది. వ్యవస్థ మార్పు గురించి అది మౌనంగా ఉన్నా, గౌరవం గురించి గట్టిగా మాట్లాడింది. 'రాగవాశిష్ఠం' పురాణ వారసత్వంలో దళితుల స్థానాన్ని చాటింది. శాస్త్ర ప్రామాణ్యాన్ని నిరాకరించిన అంబేద్కర్ ఆలోచనకూ ఈ పద్ధతికీ మధ్య వైరుధ్యం ఉంది. తరవాతి తరం ఆ వైరుధ్యాన్ని ఎత్తిచూపింది. అయినా, ప్రేక్షకుడి జీవితంలో నేరుగా మార్పు తెచ్చిన కొద్ది తెలుగు నాటకాల్లో 'పాలేరు' ఒకటి.

9.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. భీమన్న ఎక్కడ, ఎప్పుడు జన్మించాడు?
2. చిన్న పాలేరు అంటే ఎవరు?
3. 'మాలపల్లి'లోని సంగదాసుకూ 'పాలేరు' నాయకుడికీ ఉన్న ముఖ్యమైన భేదం ఏమిటి?
4. అక్షమాల ఎవరు?

9.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

అ) వ్యాసరూప ప్రశ్నలు
1. 'పాలేరు' నాటకం తల్లిదండ్రులను ఉద్దేశించినది అన్న అభిప్రాయాన్ని సమర్థించండి లేదా ఖండించండి.
2. 'రాగవాశిష్ఠం', 'శంబూకవధ' నాటకాలలో పురాణాన్ని ఉపయోగించిన తీరును పోల్చండి.

ఆ) సంగ్రహ ప్రశ్నలు
1. 'పాలేరు', 'మా భూమి' నాటకాలు అడిగిన వేరువేరు ప్రశ్నలేమిటి?
2. అనువాదకుడిగా, నాటకకర్తగా భీమన్నలో కనిపించే వైరుధ్యాన్ని వివరించండి.

ఇ) అభ్యాసం
మీ ఊరిలో ఏడాది జీతానికి పనిచేసిన పెద్దవారు ఎవరైనా ఉంటే వారితో మాట్లాడండి. జీతం ఎలా ఇచ్చేవారు, అప్పు ఎలా తీరేది, వారి పిల్లల్లో ఎవరు మొదట బడికి వెళ్ళారు అన్న విషయాలు ఒక పుటకు మించకుండా రాయండి. వారి అనుమతి లేనిదే పేరు రాయకండి.